పాన్‌దాన్‌ల పులి

మా గౌలిపుర మైసయ్య హోటల్ల ప్రకాశం అన్నకు ఒక కుర్చీ ఉంటది, దానికి చేతులుండవు. చేతుల కుర్చీల కూసుంటె ఆయనకు మాట రాదు. చెయ్యి ఇటు ఊపాలె, అటు ఇసరాలె, గప్పుడె కథ నడుస్తది. ఇల్లు సంతోష్‌నగర్ల, కొలువు సర్కారు ఫ్యాక్టరీల వైర్‌మన్. ఐతారం చర్చికి పోవుడు, ఆడికెల్లి సీదా మైసయ్య చాయ్‌కి వచ్చుడు.

ఆ ఐతారం ఆషాఢం ముసురు పట్టింది. హోటల్ల ఆరేడు మందిమి ఉన్నం. గల్లా పెట్టె ఎన్క మైసయ్య, కిటికీ పక్కన బస్ కండక్టర్ అంజన్న, మూలకు పాల కొండల్. ఈ కొండల్ ఒకప్పుడు మా బస్తీ ఆర్కెస్ట్రల గిటార్ వాయించేటోడు. మాట తక్కువ మనిషి. పది మాటలకు ఒక్కసారి “హౌ” అని ఒప్పుకుంటడు, గంతే.

ఆ దినం ఇంకొక కొత్త మనిషి సుత ఉండె. పేరు వెంకటనారాయణ, వరంగల్ల ఆర్కెస్ట్రల గిటార్ వాయిస్తడట. ఏడేండ్ల కింద బోనాలకు మేనత్త ఇంటికొచ్చినప్పుడు మా లారీ మీద గిటార్ చేసిన సప్పుడు విన్నడట. తీగెను చింపి, గర్జించినట్టున్న ఆ సప్పుడు అప్పటి సంది ఆయన చెవుల్లకెంచి పోలేదట. ఇప్పుడు మద్రాసుల రికార్డింగుకు పిలుపొచ్చింది. తెల్లారితె రైలు. ఆ సప్పుడు చేసిన డబ్బ కోసం గల్లీ గల్లీ తిరిగి మైసయ్య హోటల్‌కు చేరిండు.

ప్రకాశం అన్న ఆ డబ్బను సంచిల తెచ్చి ఒళ్ళె పెట్టుకున్నడు. ఇస్తనన్నడు. గని కథ ఇనకుంట ఇస్తడా?

“సూడు తమ్మీ, ఇయ్యనని అంటలేను. పులిని పట్కపోయెటోనికి అది ఏం తింటదో, ఎప్పుడు గుర్రుమంటదో ఎర్కుండాలెనా, వద్దా? ఊకె సంచిలేస్కొని పోతె రైల్ల పక్క సీటోని పిక్క పట్టుకుంటది. అందుకె మొదట్లకెంచి చెప్త, ఇను. మైసయ్యా, తమ్మునికి ఇంకో చాయ్ పోయి. నిజం చెప్పాల్నంటె నేను చేసింది పెద్ద కమాల్ ఏం గాదు. పాత రేడియోలకెంచి ఒక ట్రాన్సిస్టర్ పీకిన, దాన్ని ఉల్ట పెట్టిన. చింతగింజంత ఉంటది, మూడు కాళ్ళుంటయి. దునియ మొత్తం దాన్ని సీదా పెట్టింది, నేను ఉల్ట పెట్టిన. గంతే, సిన్న పని.”

“సిన్న పనేనా?” అన్నడు అంజన్న. “పోయిన ఐతారం ఏనుగు మోకాళ్ళ మీద కూసున్నదంటివి గద?”

“ఏనుగు తర్వాత వస్తదిర కండక్టరూ. నీ బస్సు లెక్కనె కథ సుత స్టేజీ స్టేజీకి ఆగాలె. మొదటి స్టేజీ డెన్నిస్. ఎవడు డెన్నిస్? సికింద్రాబాద్ దిక్కు ఆర్కెస్ట్రల గిటారోడు, నెత్తికి గింత నూనె, కాళ్ళకు గింత మొన బూట్లు. మా సంతోష్‌నగర్ చర్చిల ఒక పెండ్లికి వచ్చిండు. వాని కాలి కాడ ఒక డబ్బ ఉన్నది, గది తొక్కితె గిటార్ గొంతు మారిపోతుండె. అప్పటిదంక పిల్లనగ్రోవి లెక్క మెత్తగ పాడిన గిటార్ ఒక్కసారి రంపం లెక్క కోస్తుండె. మా కొండల్ చెయ్యి కడుక్కోని, తుడుచుకోని, జర దగ్గరికి పోయి ‘సాబ్, ఒక్కసారి సూస్త’ అన్నడు. తప్పా? సూస్త అన్నడు, తింట అన్లే. ఆ డెన్నిస్‌గాడు కాలుతోని డబ్బను ఎన్కకు గుంజుకోని ఏమన్నడో ఎర్కేనా? ‘హాత్ నక్కో లగా. లండన్ మాల్ హై. మీ పాత శహరోల్లకు షహనాయి చాలు తియ్యి’ అన్నడు.”

ప్రకాశం అన్న టేబుల్ మీద గుద్దిండు. చాయ్ గ్లాసులు ఎగిరినయి.

“ఏం, షహనాయి తక్కువదా? గది ఊదాల్నంటె వాని తాతకు దమ్ము సాలది. అది వేరె సంగతి. గని ‘మీకు గది చాలు’ అనెటోడు వాడెవడు? మాకేం చాలుతదో, ఏం చాలదో కొలిచెటందుకు వాడేమన్న గజం కట్టె పట్కోని పుట్టిండా? కొండల్ గిటార్ సంకల పెట్టుకోని నడుసుకుంట గౌలిపుర దంక వచ్చిండు. నేను ఎన్క ఎన్కనె వచ్చిన. వాడు కొట్టంలకు పోయి బర్రెల నడిమిట్ల కూసున్నడు, పాలు పిండుమంటె గూడ లేస్తలేడు. గప్పుడు చెప్పిన నేను. ‘కొండల్, బోనాలు ఇంక నలభై దినాలున్నయి. ఊరేగింపుల మన లారీ ఉంటది, వాని లారీ గూడ ఉంటది. నీకు లండన్ గిండన్ ఏం వద్దు. జుమ్మేరాత్ బజార్ కబాడ్ల దొరికిన దాంతోని డబ్బ చేసి నీ కాలి కింద పెట్టకుంటె నా పేరు ప్రకాశమే గాదు, చీకటని పిలువ్’ అన్న. అన్ననా లేదా కొండల్?”

“హౌ,” అన్నడు మూలకెంచి కొండల్. చాయ్ గ్లాసు దిక్కు సూసుకుంటనె అన్నడు.

“ఇన్నరు గద, సాక్షి ఉన్నడు. బేస్తారం జుమ్మేరాత్ బజార్‌కు పోయిన. పాత రేడియోలు మూడు, ఒకటి పల్లీలు పోసుకునే గంప లెక్క అయింది, ఇంకోదాంట్ల ఎలుకలు సంసారం చేస్తున్నయి. వాటి పేగులు మొత్తం పీకిన. తొక్కెటందుకు స్విచ్ గావాలె. ఉస్మాన్‌గంజ్ల మిర్చి బస్తాలు దించె లారీ డ్రైవర్‌ను పట్టుకున్న. లారీల కాలుతోని తొక్కితె ముంగటి లైటు కిందికి మీదికి అయితది సూడు, డిప్పర్ అంటరు, గది పాతది ఒకటి ఇచ్చిండు. అది మనిషి తొక్కెటిది గాదు, లారీ డ్రైవర్ తొక్కెటిది, ఏనుగు తొక్కినా ఇరగది. ఇగ అన్నీ పెట్టెటందుకు డబ్బ? సూడుండ్రి.”

అన్న సంచిలకెంచి తీసి టేబుల్ మీద పెట్టిండు. ఇత్తడి పాన్‌దాన్. మూత మీద నెమలి బొమ్మ, పక్కన లారీ డిప్పర్. మూత తెరిచి సూపిచ్చిండు. సున్నం గిన్నెల బ్యాటరీ, కాచు గిన్నెల కండెన్సర్లు, వక్కల గిన్నెల ట్రాన్సిస్టర్లు. వెంకటనారాయణ ముందుకు వంగి దేవుని పటం సూసినట్టు సూసిండు.

“నవాబు ఇంట్ల పాన్‌లు సుట్టిన డబ్బ అని అమ్మినోడు చెప్పిండు. నిజమో అబద్ధమో, ఆని పాపం ఆనిది. ఇంట్ల పని షురూ చేస్తె మా ఇంటామె రాజమణి పొగకు దగ్గి దగ్గి, వైర్లు అతికె కాలే కడ్డీ తోని సహా నన్ను బయటికి నూకింది. ఇగ కొండల్ వాళ్ళ కొట్టమే నా ఫ్యాక్టరీ. నాలుగింటికి డ్యూటీ దిగుడు, ఐదింటికి బర్రెల నడిమిట్ల ఉండుడు. మొదటి దినం ట్రాన్సిస్టర్ సీదా పెట్టిన. కొండల్ తీగె మీటిండు. ఏమొచ్చింది? దోమ. అవ్వ తోడు, దోమ సప్పుడు. రెండో దినం కండెన్సర్ మార్చిన. సిన్నది పెడితె కుట్టుమిషన్, దానికంటె పెద్దది పెడితె తేనెటీగల తుట్టె, ఇంక పెద్దది పెడితె మిట్టెక్కుతున్న లారీ. లారీ దగ్గర జర ఆశ పుట్టింది. గప్పుడు రెండు డయోడ్లు తీసి ఎదురెదురు పెట్టిన. తమ్మీ, నువ్వు వాయించెటోనివి గాబట్టి నీకు చెప్తున్న, సప్పుడు అల లెక్క లేస్తది, పడ్తది. ఈ రెండు డయోడ్లు ఏం చేస్తయంటె లేసిన తలకాయను ఈడికెల్లి గింత, ఆడికెల్లి గింత కోస్తయి. తలకాయ కోస్తె ఎవడన్న ఊకుంటడా? మొత్తుకుంటడు. గా మొత్తుకునుడె ఈ సప్పుడు.”

“అబ్బ,” అన్నడు వెంకటనారాయణ. “గింత మంచిగ ఎవ్వరు చెప్పలే అన్నా నాకు.”

“ఎవడు చెప్తడు? చెప్పెటోడు నేనొక్కన్నె ఉన్న. మా ఫ్యాక్టరీల ఇంజనీర్ సార్‌ను అడిగితె ఏమన్నడో తెలుసా? ‘ప్రకాశం, పదో క్లాసు ఫెయిలైనోనివి, నీకెందుకయ్య ట్రాన్సిస్టర్లు? ఉల్ట పెడితె కాలిపోతది’ అన్నడు. గా మాట చెవుల పడ్డదంటె అయిపాయె. నన్ను వద్దన్న పని నేను చెయ్యకుంట ఉంటనా? సీదా కొట్టానికి పోయి ఉల్ట పెట్టిన. కాలలే. గుర్రుమన్నది. పన్నెండు బర్రెలు ఒక్కసారి తలలెత్తినయి.”

“బెదిరి లేసినయేమొ,” అన్నడు మైసయ్య.

“బెదురుతయా? తలలు ఊపినయి! అటెన్క ఏమైందో ఎర్కేనా? తెల్లారి కొండల్ వాళ్ళమ్మ ఎల్లమ్మ పెద్దమ్మ పాలు పిండితె బర్రెకు రెండు శేర్లు ఎక్కువొచ్చినయి. ఆమె పొద్దుగాల ఐదింటికె మా ఇంటి ముంగటికొచ్చి ‘బిడ్డా ప్రకాశం, జర వచ్చి గది ఒక్కసారి గుర్రుమనిపియ్యి, సెంబు నిండుతలేదు’ అంటుండె. నేను ఇంక జర పెద్ద కండెన్సర్ పెట్టిన. పాల క్యాన్ పక్కనె ఉండె. వాయించి మూత తీస్తె ఏమున్నది? వెన్న! కవ్వం లేదు, చిలుకుడు లేదు, సీదా వెన్న తేలింది.”

“నెయ్యి గాలేదా అన్నా?”

“జర ఆగితె నెయ్యే అయితుండె అంజన్నా, నేనే ఆపిన. ఊకె నెయ్యి గావట్టిందంటె కల్తీ అంటరు జనం.”

అందరం నవ్వినం. వెంకటనారాయణ గూడ నవ్విండు, గని ఆయన చేతులు పాన్‌దాన్ మీదికెల్లి పోతలేవు.

“నవ్వుండ్రి, నవ్వుతె ఒళ్ళుకు మంచిది. ఇగ అసలు లొల్లి ఏందంటె ఎండ. ఈ పాత ట్రాన్సిస్టర్లకు ఎండ పడది. పొద్దుగాల గర్జిస్తది, పగటీలికి గొంతు కూసుంటది, ముసలోని లెక్క గొణుగుతది. ఎందుకో సమజ్ గాలె నాలుగు దినాలు. ఐదో దినం ఐస్ బండి కాడ నిలబడ్డ, సల్లగ తాకింది, బుర్రల ఎలిగింది. గింత బరఫ్ గుడ్డల సుట్టి వక్కల గిన్నె పక్కన పెట్టిన. ఓర్నీ, గిటార్ అరిస్తె కొట్టం మీది రేకులు మేకులతోని సహా గింత లేసి మల్ల కూసున్నయి! వద్దన్న కొద్ది ఎక్కువైంది. ఇంకో కండెన్సర్ మార్చిన, ఇగ అది రేడియో పట్టుడు షురూ చేసింది. మూత తెరిస్తె వార్తలు. మొదలు హైదరాబాద్, అటెన్క సిలోన్, ఇంకోటి మారిస్తె రష్యా, ఆ తర్వాత ఇంకోటి మారిస్తె ఏమైందో తెలుసా? రేపటి వార్తలొచ్చినయి.”

“రేపటియా?”

“రేపటియె. వాన పడ్తదని చెప్పిన్రు, పడ్డది.”

“ఆషాఢంల వాన పడ్తదని మా పిల్లి సుత చెప్తది,” అన్నడు మైసయ్య.

“మీ పిల్లి రష్యా భాషల చెప్తదా? లేదు గద, మరి ఊకో. ఇగ బోనాల దినం అయిపోయింది, తెల్లారి సోమారం, ఘటాల ఊరేగింపు. పగటీలి మూడు గొట్టింది. సన్న వాన పడుతున్నది, జనం ఇసుకేస్తె రాలనట్టున్నరు. ముంగట ఏనుగు, ఏనుగు మీద అమ్మవారి ఘటం, పక్కన పోతరాజు కొరడా ఇసురుకుంట. నేను ఏసయ్యను నమ్మినోన్నె, గని ఆ తల్లి ముంగట ఎగిరెటప్పుడు నన్నెవ్వరు ఏ చర్చి అని అడుగలే, నేనూ చెప్పలే. మా లారీ మీద కొండల్ గిటార్ పట్టుకోని ఉన్నడు, ఎన్క పెద్ద పెట్టె స్పీకర్, లారీ బ్యాటరీ మీద యాంప్లిఫయర్, ముంగట నేను, నా కాలి కింద డిప్పర్. కొండల్‌కు వాయించుడు, తొక్కుడు రెండూ కష్టమైతదని తొక్కుడు నేను తీసుకున్న. మూడుబాటల కాడికి వచ్చెవరకు ఎదురుంగ డెన్నిస్ లారీ. వాడు మమ్ముల సూసిండు, నవ్విండు, లండన్ డబ్బ తొక్కిండు. ఒక్కసారి జనం అంత అటు తిరిగిన్రు. మా లారీ ఎన్క ఒక్క కుక్క సుత మిగల్లె. కొండల్ దిక్కు సూసిన. తీగె మీదికెల్లి చెయ్యి తీసేసిండు. మొఖం గూడ తెల్లగయింది. ఆ పెండ్లిల ‘సాబ్, ఒక్కసారి సూస్త’ అని నిలబడ్డప్పుడు ఎట్లున్నడో, గట్లనె ఉన్నడు.”

ప్రకాశం అన్న గొంతు ఇక్కడ జర దిగింది. నిజంగనె దిగింది. మేం గూడ నవ్వలే.

“నాకు ఒళ్ళు మండింది. వానల తడుసుకుంట నిలబడి అన్న, ‘కొండల్, నువ్వు మీటు, తర్వాతది నేను సూసుకుంట’ అని. వాడు కండ్లు మూసుకొని మీటిండు. నేను రెండు కాళ్ళతోని ఎగిరి డిప్పర్ మీద దుంకిన.”

అన్న కుర్చీలకెంచి లేసి నిలబడ్డడు.

“ఏమొచ్చిందిర సప్పుడు! తమ్మీ, నువ్వు విన్నవ్ గద, చెప్పు, వచ్చిందా లేదా?”

“వచ్చింది అన్నా,” అన్నడు వెంకటనారాయణ. ఆయన చేతి మీది ఎంటికలు లేసి ఉన్నయి. “నేను మేనత్త మిద్దె మీదున్న. గోడ వట్టుకున్న. గోడ గూడ వణికినట్టే అనిపిచ్చింది.”

“గోడా? గోడదేంది! పోతరాజు ఇసిరిన కొరడా గాలిల అట్లనె ఆగింది, కిందికి దిగుతలేదు, ఆయన మీదికి సూసుకుంట నిలబడ్డడు. ఏనుగు నాలుగు అడుగులు ఎన్కకు ఏసి, తొండమెత్తి, గిటార్‌కు జవాబు చెప్పి, మోకాళ్ళ మీద కూసున్నది, ఘటం జరంత గూడ కదలకుంట. డెన్నిస్ లండన్ డబ్బ బోల్టులు వాటంతట అవే ఊడి, ఒక్కొక్కటె రోడ్డు మీద దొర్లుకుంట మా లారీ కిందికొచ్చి సలాం కొట్టినయి. వాడు బూట్లు చేతుల పట్టుకోని దిగి ఉరికిండు. చార్మినార్ మీది పావురాలు లేసినయి, లేసినయి, తెల్లారెదంక కిందికి దిగలే. ఎండిపోయిన నల్లాలల్ల నీళ్ళొచ్చినయి. మూసీ గడియసేపు నిలబడి ‘ఎటు పోవాలె’ అని అడిగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సప్పుడు ఆగలే, సీదా గోల్కొండకు పోయింది. కింద దర్వాజ కాడ చప్పట్లు కొడితె పైన వినవడ్తది గద, గా కోటకు చప్పట్లె పెద్ద సంగతి, గిటువంటి సప్పుడు అది పుట్టిన్నాటి సంది వినలే. పరేశాన్ అయి, ఏం చెయ్యాల్నో తోచక, సప్పుడును లోపట తిప్పుకోని, తిప్పుకోని, మల్ల ఇటే పంపింది. సోమారం వాయించింది మంగళారం పొద్దుగాల తిరిగొచ్చింది గౌలిపురకు! ఎల్లమ్మ పెద్దమ్మ పాలు పిండుకుంట విన్నది!”

“గోల్కొండకెల్లి వచ్చినందుకు దానికి టికెట్ కొట్టిన్నా నేను?” అన్నడు అంజన్న.

“నవ్వుకో. నువ్వు నవ్వినంత మాత్రాన సప్పుడు రాకుండ పోదు. డెన్నిస్ నవ్విండు, ఇంజనీర్ సార్ నవ్విండు, అందరు నవ్విన్రు. నేను ఒకటె మాట చెప్తున్న, రాసుకోండ్రి. లండన్ల ఏమున్నది? ట్రాన్సిస్టర్‌కు ఆడ గూడ మూడు కాళ్ళె, ఈడ గూడ మూడు కాళ్ళె. మనిషికి ఆడ పది వేళ్ళు, ఈడ పది వేళ్ళు. మీది గాదు, మీకు రాదు, మీకు చాలదు అని ఎవడన్న అంటె వాని ముంగట ఈ పాన్‌దాన్ పెట్టాలె. తమ్మీ, పట్టు. తీస్కపో. మద్రాసోల్లు ఎక్కడిదని అడిగితె చెప్పు, పాత శహర్‌ది, గౌలిపుర కొట్టంల పుట్టిందని చెప్పు.”

వెంకటనారాయణ లేసి రెండు చేతుల పట్టుకున్నడు. కండ్లకద్దుకున్నడు. మైసయ్య గల్లా ఎన్కకెంచి చప్పట్లు కొట్టిండు, మేం గూడ కొట్టినం. కథ అయితె అయింది గని, ఆ ఘడియల ప్రకాశం అన్న మాకు నిజంగనె ఏనుగంత కనవడ్డడు.

“తమ్మీ, అది తీస్కపోకు.”

ఎవరు అన్నరో మొదలు సమజ్ గాలె. కొండల్ నోట్లకెంచి గన్ని మాటలు ఒక్కసారి వచ్చుడు మేం ఎప్పుడు వినలే.

“ఏందిరా?” అన్నడు ప్రకాశం అన్న నవ్వుకుంటనె.

“మద్రాసుల పరువు పోతది అన్నా ఆయనది. మంది ముంగట తొక్కితె దోమ వస్తది.”

“దోమనా? ఉల్ట పెట్టినంక దోమ ఏడికెల్లి వస్తదిర? ఆ దినం లారీ మీద వచ్చింది దోమనా?”

కొండల్ గ్లాసు కింద పెట్టిండు. తువ్వాలతోని మూతి తుడుసుకున్నడు.

“ఆ దినం గిటార్ వైరు పాన్‌దాన్ల లేకుండె అన్నా.”

పొయ్యి మీద పాలు బుసబుస పొంగుతున్నయి, మైసయ్య సూస్తలేడు.

“డిప్పర్ల వాన నీళ్ళు పోయినయి. నువ్వు మొదటిసారి దుంకంగనె కీసుమని, సచ్చింది. నేను వైరు పీకి సీదా యాంప్లిఫయర్ల పెట్టిన. నువ్వు ముంగటికి తిరిగి ఉంటివి. తొక్కుతనె ఉంటివి.”

“మరి సప్పుడు?” అన్నడు వెంకటనారాయణ. “నేను విన్న గద అన్నా. నా చెవులతోని విన్న.”

“స్పీకర్ చినిగి ఉండె తమ్మీ. పొద్దుగాల కొట్టంలకెంచి పెట్టె బయటికి తీస్తుంటె బర్రె కొమ్ము తాకింది. లోపటి నల్ల కాయితం జానెడు చినిగింది. మార్చనీకి వేరేది లేకుండె, టైం గూడ లేకుండె. యాంప్లిఫయర్ ఆఖరి దంక పెంచిన. చినిగిన కాయితమే గట్ల అరిచింది.”

అంజన్న నోరు తెరిచిండు, ఏదో అననీకె. మైసయ్య చెయ్యి అడ్డం పెట్టిండు.

ప్రకాశం అన్న మెల్లగ కుర్చీల కూసున్నడు.

“ఏడేండ్లు,” అన్నడు. “ఏడేండ్ల సంది ఐతారం ఐతారం నా ముంగట కూసోని ఇంటివి గదర. ‘హౌ’ అంటివి గద.”

“నలభై దినాలు నీ వేళ్ళు కాలినయి అన్నా,” అన్నడు కొండల్. “నా కోసం కాలినయి. సప్పుడు రాంగనె లారీ మీద నీ మొఖం సూసిన. ఇగ చెప్ప నోరు రాలె. ఇయ్యాల్ల గూడ చెప్పకపోదును. ఈ తమ్ముడు గంత దూరం పోతుండు, నాకు ఆ డెన్నిస్ సాబ్ ముంగట అయినట్టు ఈయనకు గావద్దు.”

వెంకటనారాయణ పాన్‌దాన్‌ను టేబుల్ మీద పెట్టిండు. పడేసినట్టు గాదు, పసిపిల్లను పండవెట్టినట్టు పెట్టిండు. ప్రకాశం అన్న దిక్కు సూడలేక సూడలేక, కొండల్‌ను అడిగిండు.

“ఆ స్పీకర్ ఉన్నదా అన్నా?”

“ఉన్నది. కొట్టంల ఉన్నది. పెట్టెల కోడి పొదుగుతున్నది.”

“సూపిస్తవా?”

కొండల్ లేసిండు. ప్రకాశం అన్న పక్కకెల్లి పోయెటప్పుడు ఆగిండు, ఆయన భుజం మీద చెయ్యి పెడదామనుకున్నడో ఏమో, పెట్టలే. ఇద్దరు తలల మీద తువ్వాల ఏసుకోని వానల దిగిన్రు.

హోటల్ల మేం ఎవ్వరం ప్రకాశం అన్న దిక్కు సూడలే. అంజన్న కిటికీలకెంచి బయటికి సూస్తుండు. మైసయ్య పొంగిన పాలు తుడుస్తుండు. ఏడేండ్ల ఏనుగు, పావురాలు, గోల్కొండ, అన్నీ ఆ టేబుల్ మీద నెమలి బొమ్మ మూత కింద సప్పుడు లేకుండ పడి ఉన్నయి. అన్న ఇగ లేసి ఇంటికి పోతడు, మల్ల ఈ హోటల్ మెట్లు ఎక్కడు అనుకున్నం.

అన్న తల ఎత్తిండు. గుమ్మం దిక్కు సూసిండు. ఒక్కసారి కుర్చీ ఎన్కకు పడేటట్టు లేసిండు.

“ఆగుండ్రి!” అని అరిసిండు. “ఒరే కొండల్! ఆ స్పీకర్‌ది ఏ వైరు ఏ దిక్కో ఎర్కేనా మీకు? మద్రాసోల్ల యాంప్లిఫయర్‌కు సీదా తగిలిస్తె ఒక్క నిమిషంల పొగొస్తది, ఉన్న కాయితం గూడ పోతది! తమ్మీ, నన్ను రానియ్యిండ్రి, నేను కలిపిస్త!”

“వాన పడుతున్నది అన్నా, జర ఆగి పో,” అన్నడు మైసయ్య.

“ఏం ఆగుడు? తెల్లారితె రైలున్నది తమ్మునికి!” అన్నడు ప్రకాశం అన్న, జేబులకెంచి టెస్టర్ తీసుకుంట, మెట్లు దిగుకుంట. దిగినోడు దిగినట్టె ఒక్కసారి మా దిక్కు తిరిగి, వానల నిలబడి, రొమ్ము ఇరిచి అన్నడు:

“ఏం సూస్తున్నరు? బర్రె కొమ్ము చింపుతది. వైరు కలుపుతదా?”